పరిశోధనలో న్యాయం: భారం ఒకరిది, ఫలం మరొకరిదా?

తూనికలు, కొలతల్లో మోసం చేసేవారి గురించి దివ్యఖుర్ఆన్‌లో ఒక సూరాయే ఉంది. దాని పేరు 'అల్ ముతఫ్ఫిఫీన్'. తాము పుచ్చుకునేటప్పుడు నిండుగా కొలిపించుకుని, ఇతరులకు ఇచ్చేటప్పుడు తగ్గించేవారికి వినాశం తప్పదని ఆ సూరా తొలి ఆయతులే హెచ్చరిస్తున్నాయి. ఈ సూరా వినగానే మనకు కిరాణా కొట్టు త్రాసు, అచ్చంపేట మార్కెట్ యార్డులో వేరుశనగ తూచే కాంటా గుర్తుకొస్తాయి. కాని మన పూర్వ పండితులు దీన్ని కాంటా దగ్గరే ఆపలేదు. ప్రతి విషయంలోనూ నిండుగా ఇవ్వడం, తగ్గించి ఇవ్వడం అనేవి రెండూ ఉంటాయని ఇమామ్ మాలిక్ (రహ్మ) తమ 'మువత్తా'లో తెలిపారు. నమాజులో తగ్గింపు ఉంది, కూలి ఇవ్వడంలో తగ్గింపు ఉంది, సాక్ష్యంలో తగ్గింపు ఉంది. మరి విజ్ఞాన సంపాదనలో?

విద్యార్జనకు ఇస్లాంలో ఉన్న స్థానం పాఠకులకు తెలిసిందే. రోగానికి మందు వెదకమని దైవప్రవక్త (సల్లం) ప్రోత్సహించారు. మందు వెదకాలంటే పరిశోధన కావాలి. పరిశోధన జరగాలంటే చివరికి ఎవరో ఒకరి శరీరం మీద ఆ మందును పరీక్షించి చూడక తప్పదు. జ్వరం బిళ్ళ మొదలు పోలియో చుక్కల వరకు మనం వాడుతున్న మందులన్నీ ఈ దారినే వచ్చాయి. అంటే మన ఆరోగ్యం వెనుక ముక్కూ మొహం తెలియని ఎందరి రుణమో ఉంది. ఆ రుణం నిండుగా తీరుతోందా, తగ్గించి తీరుస్తున్నారా అన్నదే ఈ పాఠంలో మనం ఆలోచించవలసిన విషయం.

మూడు ప్రశ్నలతో దీన్ని అర్థం చేసుకోవచ్చు. పరీక్ష కోసం ఎవరిని ఎన్నుకున్నారు? అందుకు అనుమతి ఎవరు ఇచ్చారు? నష్టం వస్తే భరించేదెవరు, లాభం వస్తే పొందేదెవరు? ఈ మూడింటికీ మన తెలుగునేల మీదే జరిగిన ఒక ఉదంతం ఉంది.

ఖమ్మం జిల్లాలో ఏం జరిగింది?

మన దేశంలో స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ది రెండో స్థానం. దీనికి ప్రధాన కారణం హెచ్.పి.వి. అనే వైరస్. ఈ వైరస్‌ను అడ్డుకునే టీకాకు 2008లో మన దేశంలో అమ్మకానికి అనుమతి లభించింది. అప్పట్లో దాని ధర పేదవాని చేతికి అందేది కాదు. ఈ టీకాను ప్రభుత్వ కార్యక్రమంలో చేర్చవచ్చా అని పరిశీలించడానికి అమెరికాకు చెందిన 'పాథ్' అనే స్వచ్ఛంద సంస్థ ఒక ప్రాజెక్టు చేపట్టింది. భారత వైద్య పరిశోధనా మండలి (ఐ.సి.ఎం.ఆర్.), రాష్ట్ర ప్రభుత్వం అందులో భాగస్వాములు. గేట్స్ ఫౌండేషన్ డబ్బు సమకూర్చింది. టీకాలను వాటి తయారీ కంపెనీలు ఉచితంగా ఇచ్చాయి.

2009 జూలైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పని మొదలైంది. 10 నుంచి 14 ఏళ్ళ వయసున్న సుమారు 14 వేల మంది ఆడపిల్లలకు టీకా వేశారు. ఆ తర్వాతి నెలలో గుజరాత్‌లోని వడోదరా జిల్లాలోనూ ఇలాంటి కార్యక్రమమే ఆరంభమైంది. ఖమ్మంలో టీకా పొందిన పిల్లల్లో చాలామంది పేద ఇళ్ళవారు. వారిలో గిరిజన ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్ళలో ఉండి చదువుకునేవారు ఎందరో ఉన్నారు.

కొంతకాలానికి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్త వెలువడింది. వారిలో ఐదుగురు ఖమ్మం జిల్లావారు, ఇద్దరు గుజరాత్ వారు. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు గ్రామాలకు వెళ్ళి విచారించారు. 2010 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం ప్రాజెక్టును నిలిపివేసి, విచారణ కమిటీని వేసింది. 2013 ఆగస్టులో పార్లమెంటు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ స్థాయీ సంఘం తన 72వ నివేదికను సభ ముందుంచింది. ఆ బాలికల మానవ హక్కులకు భంగం కలిగిందని ఆ సంఘం తేల్చి చెప్పింది.

అనుమతి పత్రాల లెక్క చూడండి. ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి పరిశీలించిన పత్రాలు 9,543. వాటిలో 1,948 పత్రాల మీద ఉన్నవి వేలిముద్రలు. 2,763 పత్రాల మీద సంతకాలు చేసింది హాస్టల్ వార్డెన్లు. అంటే నాలుగో వంతుకు మించిన పత్రాల మీద తల్లీదండ్రీ పేరు లేనే లేదు. పిల్లల తరఫున ప్రధానోపాధ్యాయులు, వార్డెన్లు సంతకం పెట్టవచ్చునని ప్రభుత్వ ఆదేశమే వెళ్ళింది. టీకా తర్వాత పిల్లలకు ఏమైనా ఇబ్బంది కలిగితే గుర్తించి, నమోదు చేసి, వైద్యం అందించే ఏర్పాటు సరిగా లేదు. వారికి బీమా కూడా లేదు. ఇది కొత్త మందు పరీక్ష కాదని, అనుమతి పొందిన టీకాను ప్రజలకు ఎలా అందించాలో చూసే కార్యక్రమం మాత్రమేనని నిర్వాహకులు వాదించారు. పేరు ఏదైనా, పిల్లల నుంచి సమాచారం సేకరించే అధ్యయనం అయినప్పుడు పరిశోధన నియమాలు దానికి వర్తించక తప్పదు.

మనం చెప్పే మాటలోనూ న్యాయం కావాలి

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఈ ఉదంతం చెప్పగానే, 'ఆ టీకా వల్లే ఏడుగురు పిల్లలు చనిపోయారు' అని మన మజ్లిసుల్లో, ఫోన్లలో ప్రచారం సాగుతుంది. ఏ వర్గం మీదనైనా మనకున్న కోపం మనల్ని న్యాయం నుంచి తప్పించరాదని సూరా మాయిదా 8వ ఆయతు ఆదేశిస్తోంది. ఎవరైనా వార్త తెస్తే నిజానిజాలు విచారించుకోమని సూరా హుజురాత్ 6వ ఆయతు నేర్పుతోంది. ఈ ఆదేశాలు పెద్ద సంస్థల విషయంలోనూ, విదేశీ కంపెనీల విషయంలోనూ వర్తిస్తాయి.

విచారణ కమిటీ ఆ మరణాలను ఒక్కొక్కటిగా పరిశీలించింది. నీటిలో మునిగిపోవడం, పాముకాటు, పురుగుమందు, మలేరియా వంటి కారణాలు బయటపడ్డాయి. ఒకటి రెండు మరణాల్లో కారణం అంత స్పష్టంగా తేలలేదు. మొత్తం మీద ఆ మరణాలకు టీకాతో సంబంధం కనిపించలేదని కమిటీ అభిప్రాయపడింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో అనేక దేశాల్లో కోట్లాది మంది బాలికలకు ఈ టీకా వేశారు. క్యాన్సర్‌ను అడ్డుకోవడంలో అది బాగా పనిచేస్తుందని రుజువైంది. మన దేశంలోనే తయారైన టీకాకు 2022లో అనుమతి లభించింది. 9 నుంచి 14 ఏళ్ళ బాలికలకు ఈ టీకాను ప్రోత్సహిస్తామని కేంద్ర ప్రభుత్వం 2024 ఫిబ్రవరి బడ్జెట్‌లో ప్రకటించింది.

కాబట్టి ఖమ్మంలో దోషం టీకాది కాదు, పద్ధతిది. ఈ రెండింటినీ కలిపేయడం కూడా ఒక రకమైన తగ్గింపు కొలతే. అయితే ఇందులో ఒక గుణపాఠం ఉంది. పిల్లల బాగోగులను మొదటి నుంచీ సక్రమంగా నమోదు చేసి ఉంటే, ఏ మరణానికి ఏది కారణమో వెంటనే తెలిసేది. తల్లిదండ్రులకు ముందే వివరించి ఉంటే, అనుమానం అంతగా పెరిగేది కాదు. పిల్లల హక్కు దగ్గర కొలత తగ్గించినందువల్ల చివరికి మంచి టీకా కూడా అపవాదు మోసింది. మనిషికి జరిగిన అన్యాయం విజ్ఞానాన్ని కూడా పాడుచేస్తుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

సంతకం చేసే అధికారం ఎవరిది?

షరీఅత్‌లో 'విలాయత్' అనే అధ్యాయం ఉంది. చిన్నపిల్లల తరఫున నిర్ణయం తీసుకునే అధికారాన్ని విలాయత్ అంటారు. ఆ అధికారం ఉన్నవాడు వలీ. వలీ అంటే పిల్లవానికి యజమాని కాదు. పిల్లవాని మేలు కోసం నిలబడే అమానత్‌దారు మాత్రమే. అధికారంలో ఉన్నవాడు ప్రజల విషయంలో చేసే ప్రతి పనీ వారి ప్రయోజనానికి కట్టుబడి ఉండాలన్నది ఫిఖ్హ్ సూత్రం. ఉస్మానియా సుల్తానుల కాలంలో 1869-1876 మధ్య రూపొందిన 'మజల్లా' న్యాయస్మృతిలో ఇది 58వ సూత్రంగా చేరింది.

అనాథ బాలల సొమ్ము విషయంలో దివ్యఖుర్ఆన్ ఎంత పట్టింపు చూపిందో గమనించండి. వారు యుక్తవయసుకు వచ్చి వివేకం పొందాక సొమ్ము అప్పగించమని, అప్పగించేటప్పుడు సాక్షులను పెట్టుకోమని సూరా నిసా 6వ ఆయతు ఆదేశించింది. సొమ్ముకే సాక్షులు కావాలంటే, శరీరం సంగతి ఏమిటి? పిల్లకు అన్నం పెట్టి, వేళకు నిద్రపుచ్చి, చదువు చెప్పించే బాధ్యతను తల్లిదండ్రులు హాస్టల్‌కు అప్పగించారు. ఆ బాధ్యతలో పరిశోధన కోసం శరీరాన్ని అప్పగించే అధికారం లేదు. వార్డెన్ మంచివాడే కావచ్చు. అయినా అతను ఆ విషయంలో వలీ కాడు. తనకు లేని అధికారంతో పెట్టిన సంతకం సంతకమే కాదు.

వైద్యుని బాధ్యత గురించి మన ఫుఖహా వందల ఏళ్ళ క్రితమే చర్చించారు. వైద్యం తెలియకుండా వైద్యానికి దిగినవాడు జరిగిన నష్టానికి జామిన్ (బాధ్యుడు) అవుతాడని దైవప్రవక్త (సల్లం) తెలిపిన హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా గ్రంథాల్లో ఉంది. హిజ్రీ 620లో మరణించిన ఇమామ్ ఇబ్నె ఖుదామా (రహ్మ) 'అల్ ముగ్నీ'లో మరో మెట్టు ముందుకు వెళ్ళారు. వైద్యుడు నిపుణుడైనా సరే, వలీ అనుమతి లేకుండా పిల్లవాని శరీరం మీద కోత పెడితే, దానివల్ల హాని కలిగితే, అతనిదే బాధ్యత అని వివరించారు. నైపుణ్యం ఒక్కటే చాలదు, అనుమతి కూడా కావాలి. నేటి చట్టాలు చెబుతున్న మాట కూడా ఇదే.

'మా ఉద్దేశ్యం మంచిదే కదా' అని కొందరంటారు. దీనికి హజ్రత్ ఉమర్ (రజి) కాలం నాటి ఒక సంఘటన జవాబు చెబుతుంది. ఆయన ఒక స్త్రీని విచారణకు పిలిపించారు. ఆ కబురు విని భయంతో ఆమెకు గర్భస్రావమైంది. మీరు క్రమశిక్షణ కోసమే పిలిచారు, మీ మీద ఏ బాధ్యతా లేదని కొందరు సహాబాలు అన్నారు. హజ్రత్ అలీ (రజి) మాత్రం పరిహారం చెల్లించవలసిందేనన్నారు. ఖలీఫా ఆ మాటనే అంగీకరించారు. ఉద్దేశ్యం స్వచ్ఛమైనదే, పదవి అత్యున్నతమైనదే, అయినా నష్టపోయిన మనిషి హక్కు నిలిచే ఉంది.

భారం, ఫలం కలిసి నడవాలి

ఇక ఎన్నిక ప్రశ్నకు వద్దాం. పరీక్షకు ఎప్పుడూ పేదలే, గిరిజనులే, హాస్టల్ పిల్లలే ఎందుకు కనిపిస్తారు? వారు సులభంగా దొరుకుతారు. ప్రశ్నించరు. ప్రశ్నించినా వినేవారుండరు. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో 1932 నుంచి 1972 వరకు, నలభై ఏళ్ళపాటు జరిగిన టస్కెగీ అధ్యయనం దీనికి ప్రపంచమెరిగిన దృష్టాంతం. సిఫిలిస్ రోగం ఉన్న 399 మంది పేద నల్లజాతి పురుషులకు వారి రోగమేమిటో నిజం చెప్పకుండా, దాని గమనాన్ని చూస్తూ కూర్చున్నారు. 1940 దశకం చివరికల్లా పెన్సిలిన్‌తో ఆ రోగం నయమవుతుందని తెలిసినా వారికి ఆ మందు ఇవ్వలేదు. ఈ దారుణం బయటపడ్డాక 1979లో 'బెల్మాంట్ నివేదిక' వచ్చింది. మనిషిని గౌరవించడం, మేలు చేయడం, న్యాయం పాటించడం అనే మూడు సూత్రాలను అది నెలకొల్పింది. న్యాయం అంటే అక్కడ ఒకటే అర్థం: పరిశోధన భారం ఒక వర్గం మీద, ఫలం మరో వర్గానికి పడరాదు.

మన ఫిఖ్హ్‌లో దీనికి సరిగ్గా సరిపోయే సూత్రం 'అల్ గుర్ము బిల్ గున్మ్'. లాభం ఎవరికో నష్టభారం కూడా వారికే అన్నది దాని భావం. 'మజల్లా'లో ఇది 87వ సూత్రం. వ్యాపార భాగస్వామ్యాల్లో మనం దీన్ని రోజూ వాడుతుంటాం. లాభంలో వాటా అడుగుతూ నష్టంలో తప్పుకునే భాగస్వామిని ఎవరూ మెచ్చరు. పరిశోధన విషయంలోనూ అంతే. కంపెనీకి అమ్మకం, శాస్త్రవేత్తకు పేరు, ప్రభుత్వానికి సమాచారం దక్కుతున్నప్పుడు, పిల్లకు వచ్చే కష్టానికి వారే పూచీ పడాలి. ఆమె పల్లెకు ఆ ఫలం అందేలా కూడా చూడాలి.

ఫలం అందడం గురించి చెప్పాలంటే మన పక్కనే ఉన్న నల్లగొండ ఫ్లోరైడ్ గాథ ఉంది. అక్కడ మోసం జరిగిందని మేము చెప్పడం లేదు. వైద్యులు, శాస్త్రవేత్తలు నిజాయితీగానే శ్రమించారు. హైదరాబాద్ సంస్థానంలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి 1945లోనే వైద్య పత్రికలో వ్యాసం వచ్చింది. 1955లో డాక్టర్ సిద్దీఖీ నల్లగొండ జిల్లా రోగులపై రాసిన అధ్యయనాన్ని బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు ఈ ప్రాంతంలో కాళ్ళు వంకరపోతున్న పిల్లల గురించి ప్రపంచానికి తెలియజేశారు. నీటి నుంచి ఫ్లోరైడ్ తొలగించడానికి నాగపూర్‌లోని 'నీరి' సంస్థ కనిపెట్టిన పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అనే పేరే స్థిరపడింది. ఆ జిల్లా పేరు ఎన్నో దేశాల పుస్తకాల్లోకి ఎక్కింది. కాని మర్రిగూడ, మునుగోడు పల్లెల్లో ఇంటింటికీ కృష్ణా జలం రావడానికి దశాబ్దాలు పట్టింది. తమ ఎముకల ఫోటోలు తీయించుకున్న తరం ఆ నీళ్ళు తాగకుండానే వెళ్ళిపోయింది. పరిశోధకుడు తన వంతు చేసినా, తెలిసిన సత్యాన్ని ఆచరణలో పెట్టవలసిన పాలకులు ఆలస్యం చేస్తే, ఆ తగ్గింపునకు కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుంది.

డబ్బు ఇస్తే సరిపోతుందా?

'వాళ్ళకు డబ్బులిచ్చారు కదా, ఇష్టపడే వచ్చారు కదా' అన్న మాట కూడా వినిపిస్తుంది. 2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళకు చెందిన పేద స్త్రీలు కొందరు డబ్బు ఆశతో హైదరాబాద్‌లో మందుల పరీక్షలకు వెళ్ళి అస్వస్థులయ్యారు. ఆ మందులు రొమ్ము క్యాన్సర్‌కు సంబంధించినవి. వాటి పేర్లు గాని, ప్రభావం గాని వారికి సరిగా తెలియవు. వ్యవహారం బయటకు వచ్చాక ఔషధ నియంత్రణ అధికారులు ఆ పరీక్షా కేంద్రం అనుమతిని నిలిపివేశారు.

పోయిన పనిదినాలకు, దారిఖర్చులకు డబ్బు ఇవ్వడం తప్పు కాదు. కాని లావాదేవీలో వస్తువు లోపాన్ని దాచిపెట్టడాన్ని షరీఅత్ మోసంగానే లెక్కిస్తుంది. ధాన్యపు రాశి పైన ఎండినది పెట్టి లోపల తడిసినది దాచిన వ్యాపారిని దైవప్రవక్త (సల్లం) ఎంత కఠినంగా మందలించారో మనకు తెలుసు. ధాన్యం తడిని దాచడమే మోసమైతే, మందు హానిని దాచడం ఇంకెంత పెద్ద మోసం! అప్పుల్లో ఉన్న మనిషి ముందు నోట్లు పెట్టి, ప్రమాదాన్ని దాచి తీసుకున్న అంగీకారం అంగీకారం కాదు.

నమ్మకం పోతే పిల్లలే బలి

1996లో నైజీరియాలోని కానో నగరంలో మెదడు పొరల వాపు (మెనింజైటిస్) వ్యాధి ప్రబలింది. అది ముస్లింలు అధికంగా ఉన్న ప్రాంతం. ఆ సమయంలో ఫైజర్ కంపెనీ 200 మంది పిల్లలతో తన కొత్త మందు 'ట్రోవాన్' పరీక్ష జరిపింది. సగం మందికి కొత్త మందు, సగం మందికి అప్పటికే వాడుకలో ఉన్న మందు ఇచ్చారు. పదకొండు మంది పిల్లలు చనిపోయారు. ఈ మరణాలు రోగం వల్లనే తప్ప మందు వల్ల కాదని కంపెనీ వాదించింది. తల్లిదండ్రులు మాత్రం తమకు ఇది పరీక్ష అని చెప్పలేదన్నారు. ఏళ్ళ తరబడి వ్యాజ్యాలు నడిచాక, 2009లో కంపెనీ కానో రాష్ట్రంతో 7.5 కోట్ల డాలర్ల ఒప్పందానికి వచ్చింది.

కథ అక్కడితో ముగియలేదు. 2003లో పోలియో చుక్కలు వచ్చినప్పుడు కానోలో చాలామంది వాటిని తిరస్కరించారు. పాత గాయం వల్ల కలిగిన అనుమానానికి వదంతులు తోడయ్యాయి. చుక్కలు నిలిచిపోయిన నెలల్లో పోలియో మళ్ళీ వ్యాపించి ఇరుగుపొరుగు దేశాలకు కూడా పాకింది. ఒక పరిశోధనలో మనుషుల హక్కును తేలికగా తీసుకున్నందుకు, దానితో ఏ సంబంధమూ లేని పిల్లల కాళ్ళు చచ్చుబడ్డాయి. ఇందులో రెండు వైపులవారికీ పాఠం ఉంది. పరిశోధకుడు నమ్మకాన్ని అమానత్‌గా చూడాలి. ప్రజలు ఒకరి తప్పుకు మరో మందును శిక్షించరాదు.

నేటి నియమాలు ఏం చెబుతున్నాయి?

ఖమ్మం ఉదంతం తర్వాత మన దేశంలో నియమాలు గట్టిపడ్డాయి. 2013లో పరిహారం నిబంధనలు వచ్చాయి. 2017లో ఐ.సి.ఎం.ఆర్. కొత్త నైతిక మార్గదర్శకాలను, 2019లో కేంద్ర ప్రభుత్వం కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నియమావళిని తెచ్చాయి. వీటి సారాంశం ప్రతి ఇంట్లోనూ తెలిసి ఉండాలి.

1. పిల్లల మీద పరిశోధనకు తల్లి లేక తండ్రి, లేదా చట్టం గుర్తించిన సంరక్షకుడు అనుమతి ఇవ్వాలి.

2. పిల్లలను కూడా అడగాలి. 7 నుంచి 12 ఏళ్ళ వారి నుంచి నోటిమాటగా, 12 దాటి 18 లోపు వారి నుంచి రాతపూర్వకంగా సమ్మతి తీసుకోవాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి.

3. వివరాలు మనకు అర్థమయ్యే భాషలో ఉండాలి. చదువురానివారికి చదివి వినిపించాలి. అక్కడ తటస్థంగా ఉండే సాక్షి ఒకరు ఉండాలి.

4. ఎప్పుడైనా, కారణం చెప్పకుండా, తప్పుకునే హక్కు ఉంది. తప్పుకున్నందుకు మామూలు వైద్యం ఆపరాదు.

5. మందు పరీక్షలో హాని జరిగితే ఉచిత వైద్యం అందించాలి. ఆ హాని పరీక్ష వల్లే అని తేలితే పరిహారం చెల్లించాలి.

6. ప్రతి పరిశోధనకూ నైతిక సంఘం (ఎథిక్స్ కమిటీ) ఆమోదం ఉండాలి. ఆ సంఘం వివరాలు మనకిచ్చే కాగితం మీద ఉండాలి.

మన ఇళ్ళలో చేయవలసింది

మన ప్రాంతం నుంచి బొంబాయికి, పుణెకు వలసవెళ్ళే కుటుంబాలు ఎన్నో. తల్లిదండ్రులు పనిలో, పిల్లలు హాస్టల్‌లో, లేదా నానీ, దాదీల దగ్గర ఉంటారు. ఖమ్మంలో వార్డెన్ సంతకానికి తావిచ్చిన పరిస్థితి సరిగ్గా ఇదే. కనుక వలసవెళ్ళేవారు తమ ఫోన్ నంబరు పాఠశాలలో రాయించి, మమ్మల్ని అడగకుండా ఏ వైద్య అధ్యయనానికీ మా పిల్లల తరఫున సంతకం చేయవద్దని మర్యాదగా చెప్పి వెళ్ళడం మంచిది. ప్రమాదంలో, అత్యవసర చికిత్సలో ఈ షరతు పెట్టకూడదు. ప్రాణరక్షణ అన్నిటికంటే ముందు.

ప్రభుత్వం అందరికీ వేసే టీకాలు వేరు, పరిశోధన వేరు. పోలియో చుక్కలు, తట్టు టీకా వంటివి ఎప్పుడో రుజువైనవి. వాటిని ఈ వ్యాసం పేరు చెప్పి ఎవరూ ఆపరాదు. అనుమానం వస్తే ఆశా కార్యకర్తను, పి.హెచ్.సి. డాక్టరును నాలుగు మాటలు అడగాలి. ఇది మామూలు టీకానా, అధ్యయనమా? ఎవరు చేస్తున్నారు? ఇబ్బంది వస్తే ఎక్కడికి రావాలి? వద్దంటే ఏమవుతుంది? నిజాయితీ గల పరిశోధకుడు ఈ ప్రశ్నలకు నొచ్చుకోడు.

మన న్యాయం మన ఇంటి గడప దగ్గర ఆగిపోకూడదు. నల్లమల అడవిలోని మన పొరుగువారైన చెంచుల మీద కూడా శాస్త్ర అధ్యయనాలు జరిగాయి. భారతదేశపు తొలి నివాసుల వారసత్వాన్ని చర్చించిన 2003 నాటి ఒక అంతర్జాతీయ జన్యు అధ్యయనంలో చెంచులు, కోయల నమూనాలు కీలకం. ఒక మనిషి ఇచ్చిన రక్తపు చుక్క అమానత్. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమని సూరా నిసా 58వ ఆయతు ఆదేశించింది. ఆ హక్కుదారుడు ముస్లిమా కాదా అన్న షరతు అందులో లేదు. మన్ననూరు నుంచి సంతకు వచ్చే చెంచు తల్లికి ఒక కాగితంలో ఏముందో అర్థం కాకపోతే, కూర్చోబెట్టి చదివి వినిపించడం కూడా న్యాయం కోసం నిలబడటమే.

మన పిల్లల్లో ఇప్పుడు ఫార్మసీ, నర్సింగ్, ఎం.బి.బి.ఎస్. చదివేవారున్నారు. రేపు ఆ అనుమతి పత్రం పట్టుకుని పేదవాని గుమ్మం ముందు నిలబడేది వారే కావచ్చు. అందుకే చివరి మాట వారికి. అల్లాహ్ హక్కులో జరిగిన లోపానికి తౌబా మార్గం ఉంది. హుఖూఖుల్ ఇబాద్, అంటే సాటి దాసుల హక్కుల విషయంలో మాత్రం, ఆ హక్కుదారుడు క్షమించే వరకు లెక్క తెగదని ఉలమా చెబుతారు. వేలిముద్ర వేసిన ఆ తల్లి పేరు మీకు గుర్తుండకపోవచ్చు. లెక్కల దినాన ఆమె మిమ్మల్ని గుర్తుపడుతుంది.

విద్యలో బర్కత్‌ను, ఆ విద్యను సంపాదించే దారిలో న్యాయాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఎవరి హక్కునూ తగ్గించి కొలిచేవారిలో మనల్ని చేర్చకుండుగాక! ఆమీన్.